స్వార్డ్‌ఫిష్: గుడ్డ రెక్కల విమానం బిస్మార్క్‌ని ఎలా పట్టుకుంది?

గాలిపటం రాజు:
ఇక్కడ నేవీ పిచ్చోళ్ళు చాలామందే ఉన్నారు కదా, నాకో డౌటు తీర్చండి. 1941 నాటికి స్పిట్‌ఫైర్లూ మెస్సర్‌ష్మిట్లూ గంటకి 550 కిలోమీటర్లు దాటి పోతున్నాయి. అలాంటి రోజుల్లో జర్మనీ వాళ్ళ బిస్మార్క్ లాంటి కొండంత యుద్ధనౌక మీదకి బ్రిటిష్ నేవీ పంపించింది దేన్నయ్యా అంటే ఫెయిరీ స్వార్డ్‌ఫిష్ అని రెండు రెక్కల విమానం, పైన కప్పు లేదు, రెక్కలకి గుడ్డ, రెక్కల మధ్య కర్రలూ తీగలూ, టార్పెడో (నీళ్ళలో దూసుకుపోయి ఓడని పేల్చే బాంబు) తగిలిస్తే గంటకి 200 పోవడం కూడా కష్టమే. పోనీ పోయినోళ్ళు పోయారా అంటే లేదు, బిస్మార్క్ చుక్కాని పాడు చేసి అందరూ తిరిగొచ్చారు. ఎక్కడ చదివినా "నెమ్మదిగా పోవడమే దాని బలం" అని రాస్తారు. నిజమేనా, లేక గెలిచాక అల్లిన కథా?

ఇంజిన్ సుబ్బు:
సగం నిజం రాజూ. ముందు బండి సంగతి చెప్తా. ఫెయిరీ కంపెనీ గ్రీకు నేవీ కోసమని సొంత డబ్బుతో మొదలెట్టిన డిజైన్ ఇది. మొదటి నమూనా 1933లో గిరగిరా తిరిగే స్పిన్‌లో పడి తేరుకోలేక కూలింది, పైలట్ పారాచూట్‌తో బయటపడ్డాడు. తోక వైపు కాస్త పొడుగు చేసి మళ్ళీ కట్టింది 1934 ఏప్రిల్ 17న ఎగిరింది, 1936లో నేవీలో చేరింది. బ్రిస్టల్ పెగాసస్ ఇంజిన్, 9 సిలిండర్లు, 690 హార్స్‌పవర్. దాని మీద పైలట్, దారి చూసే అబ్జర్వర్, వైర్‌లెస్ ప్లస్ వెనక తుపాకీ చూసుకునేవాడు, ముగ్గురు. పొట్ట కింద 730 కిలోల టార్పెడో. లూనా మీద నిండు గ్యాస్ సిలిండర్ కట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కినట్టు అనుకో.

కానీ ఓడ డెక్ మీద నుంచి లేవాలంటే కావాల్సింది టాప్ స్పీడ్ కాదు, ఎంత తక్కువ స్పీడ్‌లో గాల్లో నిలబడగలదు అన్నదే. రెండు రెక్కలు ఉండబట్టి ఇది చాలా తక్కువ వేగంలో కూడా స్టాల్ అవ్వదు, అంటే గాల్లో పట్టు తప్పి పడిపోదు. క్యారియర్, అంటే విమానాలు మోసే ఓడ, గాలికి ఎదురు తిరిగి 25 నాట్ల (గంటకి సుమారు 46 కిలోమీటర్ల) వేగంతో పోతుంటే, ఎదురుగాలి ఇంకో 30 నాట్లు ఉంటే, విమానం డెక్ మీద నాలుగడుగులు వేసేసరికే రెక్కలకి సరిపడా గాలి అందిపోతుంది. దిగేటప్పుడూ అంతే. 1941 మే 26న బ్రిటిష్ క్యారియర్ ఆర్క్ రాయల్ డెక్ చివర సుమారు 50 అడుగులు పైకీ కిందకీ ఊగుతోంది, ఆ తుఫానులో మామూలు విమానాన్ని బయటికి తీసే ధైర్యం కూడా ఎవడూ చెయ్యడు. కాబట్టి అసలు అక్కడిదాకా పోగలగడమే దాని మొదటి గెలుపు.

కరీంనగర్ కాక:
గదంత మంచిగనే ఉంది గని సుబ్బన్నా, లేసుడు వేరు కొట్టుడు వేరు. బిస్మార్క్ మీద గన్ని తుపాకులుండంగ ఒక్క విమానం గూడ గూలలేదంటె ఎట్ల నమ్మాలె? జర్మనోళ్ళు నిద్రపోయిండ్రా ఏంది?

గాలిపటం రాజు:
అదే కాకా నా డౌటు కూడా. గుళ్ళు గుడ్డలోంచి దూరి అటు బయటికి పోయాయి అంటారు, ఫ్యూజ్ పేలడానికి గట్టి వస్తువేదీ తగల్లేదని. ఇంకొకటి, జర్మన్ ఫిరంగులకి గురి చూపే గన్ డైరెక్టర్ల లెక్కల యంత్రంలో అంత తక్కువ స్పీడ్ సెట్టింగే లేదని.

గన్నరీ శాస్త్రి:
ఈ రెండో కథ నేను ముప్పై చోట్ల చదివాను, ఎక్కడా నమ్మబుద్ధి కాలేదు. ఎదురుగా నేరుగా మీదకొచ్చే విమానానికి అడ్డంగా కదిలే వేగమే తక్కువ, అది రెండు రెక్కల విమానమైనా జెట్ అయినా గన్నర్‌కి లెక్క ఒకటే. అసలు కారణాలు ఆ సాయంత్రం వాతావరణంలోనే ఉన్నాయి. మేఘాలు బాగా కిందకున్నాయి, చీకటి పడుతోంది, విమానాలు ఒకే గుంపుగా కాకుండా రెండూ మూడూ చొప్పున వేరు వేరు దిక్కుల నుంచి వచ్చాయి, నీళ్ళకి బాగా దగ్గరగా వచ్చాయి. ఓడేమో వంకరలు తిరుగుతూ, అలల్లో ఊగుతూ ఉంది. ఊగే ఓడ మీద నుంచి, అల మీద తేలుతున్నట్టు వచ్చేదాన్ని కొట్టాలి. పైగా బిస్మార్క్ మీద విమానాలని కొట్టే ఫిరంగులు అన్నీ ఒకే రకం కాదు, వాటి సమన్వయమూ అంత గొప్పగా లేదు.

గుడ్డ సంగతి మాత్రం వాస్తవమే. తిరిగొచ్చిన వాటిలో ఒకదానికి వందకి పైగా చిల్లులు. రేకు విమానమైతే ఎక్కడో ఒకచోట విరిగేది, ఇది గుడ్డ అతుకులేస్తే మళ్ళీ ఎగురుతుంది.

లీడ్స్ లక్ష్మి:
శాస్త్రి గారూ, షెఫీల్డ్ సంగతి చెప్పకుండా ఆ రోజు కథ పూర్తవదండీ. అదే రోజు మధ్యాహ్నం ఆర్క్ రాయల్ నుంచి మొదటి దండు బయల్దేరింది. ఈలోపు తమ క్రూయిజర్ (కాస్త చిన్న యుద్ధనౌక) షెఫీల్డ్‌ని బిస్మార్క్ వెంట పంపించారు, ఆ ముక్క పైలట్లకి చేరలేదు. మేఘాల్లోంచి దిగేసరికి కింద ఒక ఓడ కనిపించింది, ఇంకేముంది, సొంత ఓడ మీదే టార్పెడోలు వదిలేశారు! షెఫీల్డ్ కెప్టెన్ లార్కమ్ తిరిగి కాల్చొద్దని చెప్పి, ఫుల్ స్పీడ్‌లో తప్పించుకున్నాడు. అదృష్టం ఏంటంటే ఆ టార్పెడోలకి పెట్టినవి అయస్కాంతంతో పేలే పిస్టళ్ళు (టార్పెడోని పేల్చే మీటలు), కొన్ని నీళ్ళకి తగలగానే పేలిపోయాయి. వెనక్కొచ్చి ఆ సంగతి చెప్పాక, రెండో దాడికి అవి తీసేసి నేరుగా తగిలితేనే పేలేవి పెట్టారు. ఆ పొరపాటు జరగకపోయి ఉంటే పనిచేయని సరుకుతోనే బిస్మార్క్ మీదకి పోయేవాళ్ళు.

సాయంత్రం 7 దాటాక 15 విమానాలు లేచాయి. ఒక టార్పెడో వెనక భాగంలో తగిలి చుక్కాని సుమారు 12 డిగ్రీలు ఎడమకి తిరిగి బిగుసుకుపోయింది. ఫ్రాన్స్ తీరం వైపు పోవాల్సిన ఓడ, తరుముతున్న వాళ్ళ వైపే తిరిగింది. మర్నాడు పొద్దున్న బ్రిటిష్ యుద్ధనౌకలు రాడ్నీ, కింగ్ జార్జ్ 5 వచ్చి మిగతా పని చేశాయి. 2,200 మందికి పైగా ఉన్న ఓడలో బతికింది సుమారు 115 మంది.

గాలిపటం రాజు:
అక్కా సూపర్. ఆ చుక్కాని కొట్టింది ఎవరు? జాన్ మొఫాట్ అనే కదా చెప్తారు?

లీడ్స్ లక్ష్మి:
ఎక్కువగా ఆయన పేరే చెప్తారు కానీ దాని మీద ఇప్పటికీ గొడవలున్నాయి, ఆ చీకట్లో, ఆ గోలలో ఎవరిది ఎక్కడ తగిలిందో తేల్చడం కష్టం. ఆయన చెప్పిన ఒక్క ముక్క మాత్రం నాకు బాగా నచ్చుతుంది. టార్పెడో వదిలేటప్పుడు అల శిఖరానికి తగిలితే దారి తప్పుతుంది కదా, అందుకని ఆయన అబ్జర్వర్ కాక్‌పిట్‌లోంచి తల కిందకి పెట్టి, బయటికి వేలాడుతూ అలలు చూస్తూ "ఇప్పుడే కాదు, ఇప్పుడే కాదు" అని అరిచాడట. పైలట్ ఏమో అంతసేపూ బిస్మార్క్ వైపు తిన్నగా పోతూనే ఉండాలి.

కరీంనగర్ కాక:
అబ్బ! గాయనకు మెడల్ రెండు తీర్ల ఇయ్యాలె 😄

స్కేల్ మోడల్ శ్రీను:
లక్ష్మి గారూ మీరు లీడ్స్‌లోనే ఉంటారా? స్వార్డ్‌ఫిష్‌లు ఎక్కువ కట్టింది ఆ పక్కనే కదా, షెర్బర్న్-ఇన్-ఎల్మెట్‌లో. నేను 48వ వంతు కిట్ ఒకటి మొదలెట్టాను, దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఉంటే చెప్పండి.

లీడ్స్ లక్ష్మి:
అవునండీ, మాకు దగ్గరే. మొత్తం 2,400కి దగ్గరగా కడితే అందులో దాదాపు 1,700 అక్కడే, బ్లాక్‌బర్న్ కంపెనీ కట్టింది. అందుకే వాటిని బ్లాక్‌ఫిష్ అనేవారట. విమానం మాత్రం చూసింది డక్స్‌ఫర్డ్ మ్యూజియంలో. ఫొటోల్లో చిన్నగా అనిపిస్తుంది గానీ ఎదురుగా నిలబడితే బాగా ఎత్తు, పైలట్ కూర్చునేది మన తల కంటే చాలా పైన, ఎక్కడానికి పక్కన కాళ్ళు పెట్టే గూళ్ళుంటాయి. రెక్కలు వెనక్కి మడుస్తారు, దాదాపు 14 మీటర్ల వెడల్పు కాస్తా 5 మీటర్ల చిల్లరకి వచ్చేస్తుంది. చక్రాలని కలిపే ఇరుసు ఉండదు, టార్పెడో కిందకి పడాలి కదా, అందుకని రెండు చక్రాలూ విడివిడిగా.

నేను ఎక్కువసేపు నిలబడి చూసింది గురిపెట్టే పట్టీ. పైలట్ ముందు అటొకటి ఇటొకటి అడ్డంగా కడ్డీ ఉంటుంది, దాని మీద వరసగా చిన్న చిన్న బల్బులు. శత్రువు ఓడ ఎంత వేగంతో పోతోందో అంచనా వేసుకుని, దానికి తగ్గ బల్బుని ఓడ మీదకి వచ్చేలా ముక్కు తిప్పాలి. కంప్యూటరంటే అదే! ఇంజిన్ స్టార్ట్ చేయడానికి పక్కనుంచి ఇద్దరు హ్యాండిల్ తిప్పాలి, బరువైన చక్రం గిర్రున తిరిగాక పైలట్ దాన్ని ఇంజిన్‌కి కలుపుతాడు. ఊగే డెక్ మీద, వానలో, చేతులు కొంకర్లు పోతుంటే ఆ తిప్పేవాళ్ళ పాట్లు తలుచుకోండి.

గన్నరీ శాస్త్రి:
బిస్మార్క్ పేరు వల్ల ఇటలీ ఓడరేవు టరాంటో మీద దాడి వెనకబడిపోయింది. నా లెక్కలో స్వార్డ్‌ఫిష్ చేసిన పెద్ద పని అది. 1940 నవంబర్ 11 రాత్రి, ఇలస్ట్రియస్ అనే క్యారియర్ నుంచి 21 విమానాలు, రెండు దండులుగా. మొదటిదానికి విలియమ్సన్, రెండోదానికి హేల్ నాయకులు. నిజానికి అక్టోబర్ 21న, బ్రిటిష్ నేవీ ట్రఫాల్గర్ యుద్ధం గెలిచిన రోజున అనుకున్నారు, ఇలస్ట్రియస్ హ్యాంగర్‌లో మంటలొచ్చి వాయిదా పడింది. దూరం ఎక్కువని అదనపు పెట్రోల్ ట్యాంకు మనుషులు కూర్చునే చోటే బిగించారు, దాంతో మూడో మనిషిని వదిలేసి ఇద్దరే వెళ్ళారు.

21లో టార్పెడోలు మోసినవి 11 మాత్రమే, మిగతావి బాంబులు, వెలుగు కోసం ఫ్లేర్లు. ఓడరేవు లోతు 12 మీటర్ల చుట్టూ. మామూలుగా వదిలితే టార్పెడో అడుగున బురదలో గుచ్చుకుంటుంది. అందుకని దాని ముక్కుకి తీగ కట్టి, ఆ తీగ చుట్ట విమానంలో పెట్టారు. టార్పెడో పడేటప్పుడు తీగ లాగి పట్టడంతో ముక్కు కిందకి వాలకుండా, పొట్ట ఆనించి పడుతుంది. 5 టార్పెడోలు తగిలాయి, లిట్టోరియోకి 3, దుయిలియోకి ఒకటి, కావూర్‌కి ఒకటి. ఇటలీకి ఉన్న 6 పెద్ద యుద్ధనౌకల్లో సగం ఒక్క రాత్రిలో మూలపడ్డాయి. పోయినవి 2 విమానాలు. చనిపోయింది ఇద్దరు, పట్టుబడింది ఇద్దరు, ఆ పట్టుబడినవాళ్ళలో విలియమ్సన్ కూడా ఉన్నాడు.

గాలిపటం రాజు:
పెర్ల్ హార్బర్ దాడికి జపాన్ వాళ్ళు దీన్ని చూసే నేర్చుకున్నారంటారు కదా శాస్త్రి గారూ?

గన్నరీ శాస్త్రి:
బెర్లిన్‌లో ఉన్న జపాన్ నేవీ అధికారి నైతో టరాంటో వెళ్ళి చూసొచ్చిన మాట వాస్తవం. కానీ లోతు తక్కువ నీళ్ళకి జపాన్ వాళ్ళు పట్టుకున్న ఉపాయం వేరు, టార్పెడో తోకకి చెక్క రెక్కలు తగిలించారు. తీగ కాదు. చూసి ధైర్యం తెచ్చుకున్నారు అంటే ఒప్పుకుంటా, కాపీ కొట్టారంటే ఒప్పుకోను.

ఇంజిన్ సుబ్బు:
ఒప్పుకోకపోతే పోనీండి, పని జరుగుతుందని చూపించింది మాత్రం మనవాడే 😀

వైజాగ్ కెరటం:
ఇంతసేపూ చదువుతున్నాను, మన సముద్రం మాట ఎవరూ ఎత్తలేదేంటి? స్వార్డ్‌ఫిష్ గొప్పే, కానీ 1942 ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం కొలంబో మీద ఏమైందో కూడా చెప్పండి. జపాన్ అడ్మిరల్ నగుమో క్యారియర్ల విమానాలు కొలంబో మీదకి వచ్చిన టైములోనే ట్రింకోమలీ నుంచి 6 స్వార్డ్‌ఫిష్‌లు టార్పెడోలతో కొలంబో వైపు వస్తున్నాయి, 788 స్క్వాడ్రన్ వి. జపాన్ వాళ్ళ జీరో ఫైటర్లకి ఎదురుపడ్డాయి. ఆరుకి ఆరూ కూలిపోయాయి. వాటికి పారిపోయే వేగం లేదు, తిరగబడేంత తుపాకీ బలం లేదు.

ఆ మర్నాడే, ఏప్రిల్ 6న, మన విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. వేసినవి రియుజో అనే చిన్న క్యారియర్ నుంచి వచ్చిన విమానాలు, అడ్మిరల్ ఒజావా దళంలోది, బంగాళాఖాతంలో సరుకు ఓడలని వేటాడుతున్న దళం అది. ఆ విమానాలు కూడా టార్పెడో బాంబర్లే, నకజిమా వాళ్ళ టైప్ 97, కాకపోతే ఒకే రెక్క, రేకు ఒళ్ళు, చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. ఇక్కడికి వచ్చినప్పుడు బాంబులు మోసుకొచ్చాయి. మా ముసలమ్మ చెప్పేది, ఊళ్ళో సగం మంది మూటలు కట్టుకుని పల్లెలకి పోయారని, పోస్టాఫీసులో పనిచేసే ఆయనొకడు మాత్రం తాళాలు తన దగ్గరున్నాయి కాబట్టి పోనని కూర్చున్నాడని. ఏప్రిల్ 9న బ్రిటిష్ వాళ్ళ హెర్మెస్ క్యారియర్ సిలోన్ (ఇప్పటి శ్రీలంక) పక్కనే మునిగింది. దాని స్వార్డ్‌ఫిష్‌లు ఒడ్డునే ఉండిపోయాయి, ఓడ మీద ఒక్క విమానం లేదు.

సో ఒకే కాలంలో పుట్టిన రెండు దేశాల టార్పెడో విమానాలు పక్కపక్కన పెట్టి చూస్తే, స్వార్డ్‌ఫిష్ ఎంత పాతబడిందో మన తీరంలోనే తెలిసిపోయింది.

గాలిపటం రాజు:
ఇది నాకు అస్సలు తెలీదు అన్నా. వైజాగ్ బాంబుల సంగతి తెలుసు గానీ ముందు రోజు సిలోన్‌లో స్వార్డ్‌ఫిష్‌లు పోయాయని తెలీదు.

కరీంనగర్ కాక:
అంటె అసలు ముచ్చట గిదన్నట్టు. ఫైటర్లు లేనికాడ పులి, ఉన్నకాడ పిల్లి. టరాంటోల రాత్రి పోయిండ్రు, బిస్మార్క్‌కు దగ్గర్ల జర్మన్ క్యారియరే లేదు. ఇగ నెమ్మదిగ పోవుడు బలమని ఎవడన్నడో గాని, గా కొలంబో పోరగాళ్ళను అడగాలె.

ఇంజిన్ సుబ్బు:
కాకా కరెక్ట్‌గా పట్టుకున్నాడు. దీనికి ఇంకో సాక్ష్యం జపాన్‌తో జరిగిన మిడ్వే యుద్ధం. అక్కడ అమెరికా టార్పెడో విమానాలు డెవాస్టేటర్లు ఒకే రెక్క, రేకు ఒళ్ళు, స్వార్డ్‌ఫిష్ కంటే స్పీడు. 1942 జూన్ 4న 8వ టార్పెడో స్క్వాడ్రన్ విమానాలు 15 పోతే 15 కూలాయి, ఒక్క మనిషి బతికాడు. ఎందుకంటే టార్పెడో వదలాలంటే ఎవడైనా సరే కిందకి దిగి, వేగం తగ్గించి, వంకర పోకుండా తిన్నగా పోవాలి. ఆ కొన్ని నిమిషాలూ అందరూ స్వార్డ్‌ఫిష్‌లే. పైన జీరో ఉంటే రెక్కలు ఒకటైనా రెండైనా ఏమీ తేడా లేదు.

గన్నరీ శాస్త్రి:
ఛానెల్ డాష్ కూడా చేర్చండి. 1942 ఫిబ్రవరి 12. షార్న్‌హార్స్ట్, నైసెనౌ, ప్రింజ్ ఆయిగెన్ అనే జర్మన్ యుద్ధనౌకలు మూడూ పట్టపగలు ఇంగ్లిష్ ఛానెల్‌లోంచి జర్మనీకి పోతున్నాయి, పైన గొడుగు పట్టినట్టు జర్మన్ ఫైటర్లు. ఆపడానికి ఇంగ్లండ్‌లోని మ్యాన్స్‌టన్ విమానాశ్రయం నుంచి 825 స్క్వాడ్రన్ స్వార్డ్‌ఫిష్‌లు 6. నాయకుడు యూజీన్ ఎస్మండ్, తొమ్మిది నెలల ముందు విక్టోరియస్ అనే క్యారియర్ నుంచి బిస్మార్క్ మీద మొదటి దాడి నడిపించింది ఈయనే, దానికిచ్చిన మెడల్ రాజు చేతుల మీదుగా తీసుకుని వచ్చింది ముందు రోజే. కాపలాగా ఐదు స్పిట్‌ఫైర్ స్క్వాడ్రన్లు వస్తాయన్నారు, టైముకి అందింది 10 విమానాలు. ఇంక ఆగితే ఓడలు చేజారతాయని బయల్దేరాడు. ఆరూ కూలాయి, 18 మందిలో 13 మంది చనిపోయారు, ఒక్క టార్పెడో కూడా తగల్లేదు. ఎస్మండ్‌కి చనిపోయాక విక్టోరియా క్రాస్ ఇచ్చారు.

నాకు ఇది చదివినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. రాత్రి పనికోసం శిక్షణిచ్చిన వాళ్ళని మిట్టమధ్యాహ్నం పంపడం ధైర్యం కాదు, పైవాళ్ళ ప్లానింగ్ చేతగానితనం.

వైజాగ్ కెరటం:
వెళ్ళాలా ఆగాలా అన్న నిర్ణయం పైవాళ్ళు ఎస్మండ్‌కే వదిలేశారంటారు కదండీ. అలా వదలడం ఇంకా ఘోరం, అలాంటి మనిషి ఆగుతాడా?

గన్నరీ శాస్త్రి:
ఆగడు. అది వాళ్ళకీ తెలుసు.

స్కేల్ మోడల్ శ్రీను:
ఇంత జరిగాక కూడా 1945 దాకా ఎందుకు వాడారు మరి? దీని స్థానంలో వచ్చిన ఆల్బకోర్‌కి కప్పున్న కాక్‌పిట్ ఉంది, కాస్త స్పీడూ ఉంది, అది ముందే మూలకి పోయింది, ఇదేమో ఇంకా ఎగురుతోంది!

ఇంజిన్ సుబ్బు:
ఉద్యోగం మార్చారు శ్రీనూ. పట్టపగలు టార్పెడో పని మానిపించి సబ్‌మెరైన్ల వేటకి పెట్టారు. నిజానికి ఆ పని మొదట్నుంచీ చేస్తూనే ఉంది, 1940 ఏప్రిల్ 13న నార్వేలో వార్‌స్పైట్ యుద్ధనౌక మీదున్న, చక్రాల బదులు తేలే కాళ్ళు ఉన్న స్వార్డ్‌ఫిష్ ఒకటి యూ-64ని ముంచింది, ఆ యుద్ధంలో బ్రిటిష్ నేవీ విమానం ముంచిన మొదటి జర్మన్ సబ్‌మెరైన్ అదే. 1941 డిసెంబర్‌లో జిబ్రాల్టర్ దగ్గర రాడార్‌తో రాత్రి పూట యూ-451. 1943 మే 23న ఆర్చర్ అనే చిన్న క్యారియర్ నుంచి వెళ్ళింది రాకెట్లతో యూ-752ని కొట్టింది.

అట్లాంటిక్ నడిమధ్యలో ఫైటర్లు ఎక్కడినుంచి వస్తాయి? అక్కడ దీనికి భయం లేదు. ఇంకోటి, గోధుమలు మోసే ఓడలూ ఆయిల్ ట్యాంకర్లూ ఉన్నాయి చూడు, వాటి మీదే చిన్న డెక్ వేసి మూడు నాలుగు స్వార్డ్‌ఫిష్‌లు పెట్టారు, సరుకు సరుకే, కాపలా కాపలాయే. అంత పొట్టి డెక్ మీద, స్లో ఓడ మీద దిగగలిగింది ఇదొక్కటే. బరువు ఎక్కువైతే లేవడానికి పక్కన రాకెట్లు కట్టి కాల్చేవారు. రాడార్, నీళ్ళలో పేలే డెప్త్ చార్జీలు, రాకెట్లు, ఏది తగిలించినా మోసేది.

కరీంనగర్ కాక:
గా చలిల మూత లేని కాక్‌పిట్ల గంటలకు గంటలు ఎట్ల కూసున్నరో. రష్యాకు పోయే కాన్వాయ్‌ల (సరుకు ఓడల గుంపుల) మీద గూడ గిదే ఎగిరిందంట, నిజమేనా?

లీడ్స్ లక్ష్మి:
నిజమే. విండెక్స్, కంపానియా లాంటి చిన్న క్యారియర్ల మీద నుంచి ఆర్కిటిక్‌లో రాత్రిళ్ళు ఎగిరాయి. పొట్ట కింద రాడార్ గుమ్మటం పెట్టిన రకం అది, అందుకే దానికి టార్పెడో పట్టదు. కెనడాలో వాడిన కొన్నిటికి మాత్రం కాక్‌పిట్ మీద కప్పు వేశారు, మిగతావాళ్ళకి గాలీ మంచూ మొహానికే.

స్కేల్ మోడల్ శ్రీను:
అయితే నా కిట్ ఆ సరుకు ఓడల రకంలో వేస్తా, తెల్ల రంగుది. మార్కింగ్స్ ఎలా ఉంటాయో ఎవరికైనా తెలుసా?

లీడ్స్ లక్ష్మి:
పైభాగం బూడిద రంగులు, పక్కలూ కిందా తెలుపు. ఒక తమాషా ఉంది, మామూలుగా విమానం పక్కన "రాయల్ నేవీ" అని రాసుంటుంది కదా, సరుకు ఓడల మీద ఉండే కొన్నిటి మీద ఆ కుర్రాళ్ళు "రాయల్" కొట్టేసి "మర్చంట్ నేవీ" అని రాసుకున్నారు. అది వేయండి, చూసినవాళ్ళందరూ తప్పు పట్టుకున్నామని మీదకొస్తారు.

స్కేల్ మోడల్ శ్రీను:
హహ ఫిక్స్. సుబ్బన్నా, రెక్కల మధ్య తీగలకి ఏం వాడాలి? మామూలు దారం వేస్తే నాలుగు రోజులకే వదులై వేలాడుతోంది.

ఇంజిన్ సుబ్బు:
దారం వద్దు, సాగే సన్నటి ఎలాస్టిక్ దారం దొరుకుతుంది, అది వెయ్యి. పై రెక్క అతికించక ముందే చిల్లులన్నీ వేసి పెట్టుకో, తర్వాత డ్రిల్ దూరదు. ఒక్కో తీగ జంటగా ఉంటుంది, సింగిల్‌గా వేస్తే ఇక్కడ శాస్త్రి గారే ముందు తిడతారు.

గన్నరీ శాస్త్రి:
తిడతాను. చుక్కాని తీగలు కూడా మర్చిపోవద్దు.